రాజ్‌దూత్ 350కి ఇంట్లో కట్టిన రెక్టిఫైర్: 35 ఆంపియర్ల బ్రిడ్జ్ మంచిదే, వేడి సంగతే మనం చూసుకోవాలి

కొన్న వస్తువు ఎస్‌కేబీపీసీ 3512 అనే త్రీ ఫేజ్ బ్రిడ్జ్ రెక్టిఫైర్, అంటే బండిలో పుట్టే ఏసీ కరెంటుని బ్యాటరీకి సరిపడే డీసీగా మార్చే దిమ్మ. బిగించింది మా మేనమామ నాకిచ్చిన 1986 నాటి రాజ్‌దూత్ 350కి. మూడు వందల రూపాయల లోపే దొరికింది. ఎండలూ వానలూ రెండూ చూశాక రాస్తున్నాను. వస్తువు మంచిది, ఆ ధరకి ఇంతకన్నా నమ్మకమైనది నాకు దొరకలేదు. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. కానీ పెట్టె విప్పి, వైర్లు తగిలించి, బండెక్కి వెళ్లిపోయే రకం కాదు ఇది. దీనికి వేడి బయటికి పోయే దారి మనమే కట్టాలి. ఆ దారి సరిగ్గా కట్టినవాళ్లకి ఏళ్లతరబడి పనిచేస్తుంది, కట్టనివాళ్లకి మొదటి ఎండాకాలంలోనే పోతుంది. అందుకే ఈ రివ్యూలో సగం పైగా చల్లబరచడం గురించే ఉంటుంది.

నేను ఉండేది విజయనగరంలో. జూట్ మిల్లులో ఎలక్ట్రీషియన్ పని. మోటార్లు, ప్యానెళ్లు, వైండింగులు చూసే చెయ్యి కాబట్టి డయోడ్లు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే ముక్కలు) నాకు కొత్త కాదు. ఈ బండి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రాజ్‌దూత్ 350 అంటే యమహా ఆర్‌డీ 350కి మన దేశంలో తయారైన రూపం. ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో మొదలుపెట్టారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే దీని ఆల్టర్నేటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉండదు. తిరిగే భాగమైన రోటర్‌లో వైండింగ్ ఉంటుంది, బ్రష్‌ల ద్వారా దానికి కరెంటు వెళ్తుంది, ఆ కరెంటుని రెగ్యులేటర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కదలని భాగమైన స్టేటర్ నుంచి మూడు తెల్ల వైర్లు బయటికొస్తాయి. ఆ మూడింటిలో వచ్చే ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేది రెక్టిఫైర్. లోపల ఆరు డయోడ్లు, అంతే.

ఈ బండికి రెక్టిఫైర్ పోవడం అంటే లైటు మసకబారడం మాత్రమే కాదు. ఇగ్నిషన్ పాయింట్లతో, బ్యాటరీ మీద నడుస్తుంది. అసలు బ్యాటరీయే 5.5 ఆంపియర్ అవర్లది, చాలా చిన్నది. రెండు ఇగ్నిషన్ కాయిళ్లూ, రోటరూ కలిసి దాన్ని తాగేస్తుంటే, పైనుంచి ఛార్జింగ్ రాకపోతే కాసేపటికే స్పార్క్ బలహీనపడుతుంది. ఆ తర్వాత బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. సాలూరు దాటాక ఒడిశా వైపు సుంకికి ఎక్కే ఘాట్‌లో ఆగిందంటే, పక్కన లారీలు మలుపు తిరుగుతుంటే, 150 కిలోల బండిని తోసుకుంటూ దిగడం ఎంత టెన్షనో ఆ దారిలో తిరిగినవాళ్లకి తెలుసు.

పాత రెక్టిఫైర్ చాలా తెలివిగా మోసం చేసింది. పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆరు డయోడ్లూ బాగానే చూపించేవి. గంటసేపు తిరిగొచ్చాక బ్యాటరీ దగ్గర 12 వోల్ట్‌ల కిందికి పడిపోయేది. చల్లారాక మళ్లీ మామూలే. పాతబడ్డ డయోడ్లలో ఇది మామూలుగా కనిపించే జబ్బు. వేడెక్కినప్పుడు లోపలి అతుకు విడిపోతుంది, చల్లారితే మళ్లీ ఆనుకుంటుంది. అందుకని బండి దిగిన వెంటనే, రెక్టిఫైర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడే మీటర్ పెట్టాను. ఒక డయోడ్ ఓపెన్, అంటే లోపల దారి తెగిపోయింది. దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన వస్తువు అది, దాన్ని అనాల్సింది ఏమీ లేదు. మీ బండికి ఇలాంటి లక్షణాలుంటే చల్లగా ఉన్నప్పటి రీడింగ్‌ని నమ్మకండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసైనా ఇంకోసారి చూడండి.

కొత్తది కట్టే ముందు రెండు మూడు దారులు చూశాను. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ రెగ్యులేటర్-రెక్టిఫైర్ పెట్టెలు చాలావరకు అయస్కాంతం రోటర్ ఉన్న బండ్ల కోసం చేసినవి. అవి ఎక్కువైన కరెంటుని స్టేటర్ దగ్గరే షార్ట్ చేసి అదుపు చేస్తాయి. మన బండిలో అదుపు చెయ్యాల్సింది రోటర్‌ని, కాబట్టి పద్ధతే వేరు. రెండో దారి లారీ ఆల్టర్నేటర్ డయోడ్ ప్లేట్. ఇది సాలూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చెప్పాడు. సాలూరు అంటేనే లారీలు కదా. బాడీ కట్టే షెడ్లు, వైండింగ్ కొట్లు, పాత సామాన్ల కొట్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నేను హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల అల్యూమినియం దిమ్మ) వెతుక్కుంటూ వెళ్తే ఆ మేస్త్రి నా చేతిలోని బ్రిడ్జ్‌ని తిప్పి చూసి, "ఏటి బాబూ, అగ్గిపెట్టంత లేదు, దీనికింత అల్యూమినియం దిమ్మ కావాలంతావేటి? లారీ ప్లేటే పెట్టీరాదూ" అన్నాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. లారీ ప్లేట్‌లో డయోడ్లు అల్యూమినియంలోకే గుద్ది ఉంటాయి, వేడి నేరుగా ప్లేట్‌లోకి దిగుతుంది, లారీ ఇంజన్ పక్కన ఉండి కూడా తట్టుకుంటాయి. కానీ అందులో డయోడ్ ఒంటికే కరెంటు ఉంటుంది. ప్లస్ ప్లేట్ ఒకటి, మైనస్ ప్లేట్ ఒకటి. ప్లస్ ప్లేట్ ఫ్రేమ్‌కి తగిలిందంటే బ్యాటరీ షార్టే. బండి మీద అంత పెద్ద ప్లేట్‌ని బుష్‌లు వేసి, ఎక్కడా తగలకుండా, వైబ్రేషన్‌లో కదలకుండా బిగించడం నాకు నచ్చలేదు. ఎస్‌కేబీపీసీ బ్రిడ్జ్‌లో ఆ బాధ లేదు. ఐదు కాళ్లకీ అడుగు రేకుకీ మధ్య ఇన్సులేషన్ ఉంటుంది. హీట్ సింక్‌ని ఫ్రేమ్‌కి నేరుగా బోల్టు చెయ్యొచ్చు, మధ్యలో కరెంటుని ఆపే మైకా ముక్కలు అక్కర్లేదు. నేను దీన్ని ఎంచుకోవడానికి ఇదే పెద్ద కారణం.

ఇక వస్తువు సంగతి. దాదాపు 28 మిల్లీమీటర్ల చదరపు దిమ్మ. పైన ఐదు కాళ్లు: మూడు ఏసీకి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మధ్యలో బోల్టు రంధ్రం. పేరులోని 35 ఆంపియర్లు, 12 అంటే 1200 వోల్ట్‌లు. మన 14 వోల్ట్‌ల పనికి 1200 అక్కర్లేదు, కానీ ఎక్కువ ఉన్నందువల్ల నష్టమూ లేదు. కొనేటప్పుడు తిరగేసి అడుగు చూడండి. అడుగున లోహపు రేకు ఉన్నదే తీసుకోవాలి. కొన్ని రకాలకి ఒళ్లంతా ప్లాస్టిక్కే ఉంటుంది, వాటిలోంచి వేడి దిగదు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. మరీ తేలిగ్గా ఉండి, అక్షరాలు గోటితో గీస్తే చెరిగిపోతే వదిలెయ్యండి. నాకు వచ్చినదానికి అడుగు రేకు మధ్యలో కొద్దిగా ఉబ్బుగా ఉంది. కాళ్ల గుర్తులు కూడా సరిగ్గా అచ్చవ్వలేదు. పెట్టెలో కాగితం ముక్క కూడా లేదు. నేను ఒక మార్కు తగ్గించింది వీటికే.

గుర్తులు కనపడకపోయినా కంగారు పడక్కర్లేదు. మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ మైనస్ కాలి మీద, నల్లది ఒక్కో ఏసీ కాలి మీద పెడితే అర వోల్ట్ అటూ ఇటూగా చూపించాలి. ఎర్రది ఏసీ కాళ్ల మీద, నల్లది ప్లస్ మీద పెట్టినా అంతే. తిరగేస్తే ఏమీ చూపించకూడదు. ఆరు రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగా రావాలి. ఒకటి తేడాగా వచ్చినా బిగించకుండా వెనక్కి పంపెయ్యండి.

35 ఆంపియర్లు అన్న అంకెని చూసి చాలామంది ధైర్యపడతారు. మన బండి లోడు 8 నుంచి 10 ఆంపియర్లు, ఇది 35 మోస్తుంది, ఇంక హీట్ సింక్ ఎందుకు అనుకుంటారు. ఆ 35 అనేది అడుగు రేకు సుమారు 55, 60 డిగ్రీల దగ్గర ఉంచగలిగితేనే. రేకు వేడెక్కే కొద్దీ మోయగల కరెంటు తగ్గుతూ పోతుంది. మన ఊళ్లో మే నెలలో గాలే 40 డిగ్రీలు ఉంటుంది. అంటే మొదటి అడుగులోనే సగానికి పైగా తినేసింది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. త్రీ ఫేజ్ బ్రిడ్జ్‌లో ఏ క్షణం చూసినా కరెంటు రెండు డయోడ్ల గుండా వెళ్తుంది. ఈ కరెంటు దగ్గర ఒక్కో డయోడ్ దాదాపు ఒక వోల్ట్ మింగుతుంది. రెండు కలిపి 2 వోల్ట్‌లు, 10 ఆంపియర్లకి 20 వాట్లు. ఆ 20 వాట్లూ వేడే. సోల్డరింగ్ ఐరన్‌లో సగమంత వేడి అగ్గిపెట్టెంత దిమ్మలో పుడుతోంది. ఉత్తినే గాల్లో వేలాడదీస్తే వాట్‌కి పది డిగ్రీల పైనే పెరుగుతుందని నా అంచనా, అంటే 200 దాటిపోతుంది. లోపలి సిలికాన్‌కి చాలా డేటాషీట్లు 150 డిగ్రీలు హద్దు అంటాయి, కొన్ని 125 అనే రాస్తాయి. నేను 125 అనుకునే లెక్క వేశాను.

వాట్‌కి 2 డిగ్రీలు పెరిగే హీట్ సింక్ పెడితే 20 వాట్లకి 40 డిగ్రీలు. దానికి మే నెల గాలి 40 కలిపితే 80. రేకు నుంచి సిలికాన్ వరకు ఇంకో పాతిక, ముప్పై. మొత్తం 110 దగ్గర ఆగుతుంది. ఇది గాలి ఆడని చోట లెక్క. బండి కదిలి గాలి తగిలితే హీట్ సింక్ ఇందులో సగం కూడా వేడెక్కదు. కాబట్టి రెండు పనులు: సరైన సైజు అల్యూమినియం, గాలి తగిలే చోటు. ఈ రెండింటిలో ఏది వదిలినా రెండోది కాపాడలేదు.

కొందరు బ్రిడ్జ్‌ని నేరుగా బ్యాటరీ పెట్టె రేకుకి బిగిస్తారు. ఇనుములో వేడి పాకే వేగం అల్యూమినియంలో పావువంతే. పైగా ఆ రేకు పల్చన. బోల్టు చుట్టూ కాలుతుంది, జానెడు దూరంలో చల్లగా ఉంటుంది. అది హీట్ సింక్ కిందికి రాదు.

నాకు దొరికింది పాత స్టెబిలైజర్‌లోంచి తీసిన దిమ్మ. సాలూరులోనే పాత సామాన్ల కొట్టులో, తూకానికి ఇచ్చారు. 15 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, రెక్కలు 3 సెంటీమీటర్ల ఎత్తు. రెక్కకీ రెక్కకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందు ముఖ్యం. కంప్యూటర్‌లోంచి తీసిన హీట్ సింకులు చూడ్డానికి బావుంటాయి, రెక్కలు ఎక్కువ ఉంటాయి, కానీ అవి ఫ్యాన్ కోసం చేసినవి. ఇరుకు సందుల్లో గాలి తనంతట తాను కదలదు. మన ఎర్రమట్టి దారుల్లో రెండు వారాలు తిరిగితే సందులన్నీ దుమ్ముతో పూడిపోతాయి. చిన్న 12 వోల్ట్‌ల ఫ్యాన్ పెడితే పోలేదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఈ బండి వైబ్రేషన్‌కి, వానకి, దుమ్ముకి ఆ ఫ్యాన్ బతకదు. అది ఆగిపోయినట్టు మనకి తెలిసేది రెక్టిఫైర్ కాలాకే.

దిమ్మ అడుగు చదును చెయ్యడం దగ్గర ఎంత టైం పెట్టినా తప్పులేదు. మందపాటి అద్దం ముక్క మీద 400 నంబరు నీళ్ల కాగితం పరిచి, కొంచెం కిరసనాయిలు చల్లి, దిమ్మని గుండ్రంగా రుద్దాను. పాత గీతలన్నీ పోయి ఒకే రంగు వచ్చేదాకా రుద్దాలి. బ్రిడ్జ్ అడుగు రేకు ఉబ్బుని కూడా అలాగే, చాలా నెమ్మదిగా, చేతి బరువు మాత్రమే వేసి తీశాను. దాన్ని ఎక్కువ రుద్దకూడదు, రేకు పల్చనైపోతుంది. చదునైందో లేదో తెలుసుకోవడానికి పేస్ట్ రాసి, ఒకసారి నొక్కి, తీసి చూడండి. మచ్చ మొత్తం పరుచుకుంటే సరిపోయినట్టు. మధ్యలోనే ఉంటే ఇంకా ఉబ్బు ఉన్నట్టు.

పేస్ట్ విషయంలో అందరూ ఎక్కువ రాస్తారు. తెల్ల సిలికాన్ పేస్ట్ మామూలుది చాలు, ఖరీదైనది అక్కర్లేదు. పెనం మీద నూనె గుడ్డతో తుడిచినట్టు, అంత పల్చగా ఉండాలి. పేస్ట్ ఉన్నది రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి లేకుండా చెయ్యడానికే. మందంగా రాస్తే ఆ పేస్టే అడ్డమవుతుంది, ఎందుకంటే అల్యూమినియంతో పోలిస్తే దాంట్లోంచి వేడి చాలా నెమ్మదిగా వెళ్తుంది.

దిమ్మలో రంధ్రం చేసి ఎం5 టాప్ కొట్టించాను, అంటే 5 మిల్లీమీటర్ల బోల్టుకి మర కోయించాను. అల్యూమినియంలో మర పట్టడానికి కనీసం 8 మిల్లీమీటర్ల లోతు కావాలి. నా దిమ్మ అడుగు 6 మిల్లీమీటర్లే, అందుకని ఒక రెక్కకి సరిగ్గా ఎదురుగా రంధ్రం వచ్చేలా చూసుకున్నాం. బోల్టు కింద ప్లెయిన్ వాషర్, దాని మీద స్ప్రింగ్ వాషర్. వేడెక్కి చల్లారే ప్రతిసారీ అల్యూమినియం పెరిగి తగ్గుతుంది, స్ప్రింగ్ వాషర్ లేకపోతే బిగువు సడలుతుంది. బలమంతా పెట్టి బిగిస్తే బ్రిడ్జ్ పైనున్న ఎపాక్సీ చిట్లుతుంది. చిన్న స్పానర్‌తో మణికట్టు బలం చాలు.

మెరిసే అల్యూమినియం అందంగా ఉంటుంది కానీ వేడిని కిరణాలుగా పెద్దగా వదలదు. నల్ల అనోడైజ్ చేసినది చాలా బాగా వదులుతుంది. గాలి ఆడని చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. నా దిమ్మ తెల్లటిది. రెక్కల వైపు మాత్రం నల్ల మ్యాట్ రంగు ఒక పల్చని పూత కొట్టాను. బ్రిడ్జ్ కూర్చునే వైపు రంగు తగలకుండా టేప్ వేశాను.

ఎక్కడ పెట్టాలి? నా బండిలో పాత రెక్టిఫైర్ సైడ్ కవర్ లోపల బ్యాటరీ దగ్గర ఉండేది. తేడా ఎంతో చూడాలని కొత్తదాన్ని కావాలనే ముందు అక్కడే పెట్టి కొలిచాను. మధ్యాహ్నం పూట, హెడ్‌లైట్ వేసుకుని, విజయనగరం నుంచి గజపతినగరం దాకా వెళ్లి చూస్తే హీట్ సింక్ 92 డిగ్రీలు ఉంది. అక్కడ గాలి ఆడదు. పైగా సిలిండర్ల మీదుగా వచ్చే వేడి గాలి అటే వస్తుంది. ఈ బండి సిలిండర్లు గాలితోనే చల్లబడతాయి, కాబట్టి వాటి వెనక ఏది పెట్టినా వాటి వేడిని కూడా అది మొయ్యాలి.

తర్వాత ముందుకి మార్చాను. ఫ్రేమ్ ముందు భాగంలో రెండు గొట్టాలు కిందికి దిగుతాయి. హ్యాండిల్ మెడకి కొంచెం కింద, ఆ రెండు గొట్టాల మధ్య, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీతో క్లాంప్ చేశాను. ఫ్రేమ్‌కి వెల్డింగ్ ఎక్కడా చెయ్యలేదు, రంధ్రం కూడా వెయ్యలేదు. ఇలాంటి బండ్లకి ఆ రెండు పనులూ చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. రెక్కలు నిలువుగా ఉండాలి. బండి ఆగినప్పుడు వేడి గాలి కింది నుంచి పైకి పోవడానికి దారి అదే. అడ్డంగా పెడితే ఒక్కో రెక్కా కింద గాలిని ఆపేస్తుంది. రెక్కలు ముందుకి, బ్రిడ్జ్ వెనక్కి. దాంతో టైరు చిమ్మే నీళ్లు కాళ్ల మీద పడవు. బిగించే ముందు ఇంకొక మనిషిని ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని పూర్తిగా కిందికి నొక్కమని చూడండి. మడ్‌గార్డ్ పైకొచ్చి దిమ్మకి తగలకూడదు. నాకు రెండు వేళ్ల ఖాళీ మిగిలింది.

అదే దారి, అదే వేళ, అదే లైటుతో ఈసారి 63 డిగ్రీలు. దాదాపు ముప్పై డిగ్రీలు తగ్గింది, పైసా ఖర్చు లేకుండా, చోటు మార్చినందుకే. ఒక మాట, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మెరిసే అల్యూమినియాన్ని కొలిస్తే చాలా తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి ఆ టేప్ మీద కొలవండి, లేదా మీటర్‌తో వచ్చే థర్మోకపుల్ వైరుని దిమ్మకి ఆనించండి. నేను రెండూ చేసి పోల్చుకున్నాను.

అసలు పరీక్ష ఘాట్‌లో. ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతుందని అందరూ భయపడతారు. గంటస్తంభం దగ్గర పండగ రద్దీలో నిలబడ్డా నాకేమీ పెరగలేదు, ఎందుకంటే ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ. కరెంటు తక్కువైతే వేడీ తక్కువే. కష్టమైన సమయం వేరే ఉంది: ఇంజన్ వేగంగా తిరుగుతూ బండి నెమ్మదిగా కదిలేటప్పుడు. సుంకి ఘాట్‌లో లోడు లారీ వెనక రెండో గేర్‌లో, లైటు వేసుకుని, గాలి కూడా వెనకనుంచి వీస్తుంటే అన్నీ కలిసొస్తాయి. అక్కడ పైకెక్కాక కొలిస్తే 78. నా లెక్కకి అది హద్దు లోపలే. లారీని దాటి కాసేపు వెళ్లాక 60 కిందికి దిగిపోయింది.

వైరింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఇత్తడి లగ్గులు, క్రింప్ చేశాక ఒక చుక్క సోల్డర్, పైన స్లీవ్. లగ్గు వదులుగా ఉంటే అక్కడ పుట్టే వేడి బ్రిడ్జ్ కాళ్లలోకే వెళ్తుంది, మనం కష్టపడి కట్టిన హీట్ సింక్ దాన్ని ఏమీ చెయ్యలేదు. సముద్రపు గాలి తగిలే ప్రాంతం మనది, భీమిలి వైపు తిరిగే బండైతే లగ్గులు పచ్చబడతాయి, కాబట్టి సిలికాన్ గ్రీజు పుయ్యండి. ప్లస్ నుంచి బ్యాటరీకి వెళ్లే దారిలో 20 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండి తీరాలి. మైనస్ వైరుని ఫ్రేమ్‌కి వదిలెయ్యకుండా బ్యాటరీ మైనస్ దాకా వేరే వైరు లాగాను. పాత బండ్లలో రంగు, తుప్పు మధ్యలోంచి వచ్చే ఎర్త్‌ని నమ్మలేం.

ఫలితం: లైటు వేసి 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14.2 వోల్ట్‌లు. ఎండలో గంటన్నర తిరిగొచ్చాక కూడా అదే. రెక్టిఫైర్ మింగే 2 వోల్ట్‌లు ఇక్కడ కనపడవు, ఎందుకంటే రెగ్యులేటర్ చూసేది బ్యాటరీ వైపు వోల్టేజీని. తక్కువైతే రోటర్‌కి ఎక్కువ కరెంటు ఇచ్చి సరిచేస్తుంది. కాకపోతే ఐడ్లింగ్‌లో రోటర్‌కి ఇవ్వగలిగినంతా ఇచ్చేశాక ఇంక పెంచడానికి ఉండదు. అక్కడ ఆ 2 వోల్ట్‌ల నష్టం తెలుస్తుంది, లైటు కొద్దిగా దిగుతుంది.

దానికి షాట్‌కీ డయోడ్లు పెట్టమని ఎలక్ట్రానిక్స్ తెలిసిన మా బావమరిది అన్నాడు. అవి ఒక్కోటి అర వోల్ట్ చిల్లరే మింగుతాయి, వేడి దాదాపు సగమవుతుంది. మాట నిజమే. కానీ సులభంగా దొరికేవి 45 వోల్ట్‌ల రకం. నడుస్తుండగా బ్యాటరీ లగ్గు ఊడితే ఒక్క క్షణం ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎగిరిపోతుంది, 45 వోల్ట్‌ల డయోడ్ దాన్ని తట్టుకోలేదు. 100 వోల్ట్‌ల రకం తీసుకోవాలి, అప్పుడు ఆరు విడి డయోడ్లకీ ఇన్సులేషన్ ముక్కలు వేసి బిగించాలి. పైగా షాట్‌కీలు వేడెక్కితే వెనక్కి లీకవుతాయి. ఓపికున్నవాళ్లు చెయ్యొచ్చు. రోజూ మిల్లుకి వెళ్లొచ్చే బండికి నేను మామూలు సిలికాన్ బ్రిడ్జ్‌నే ఇష్టపడతాను.

మొత్తం ఖర్చు బ్రిడ్జ్, దిమ్మ, టాప్ కొట్టించిన కూలి, వైర్లు, లగ్గులు, రంగు కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. త్రీ ఫేజ్ బ్రిడ్జ్ దొరకనివాళ్లు మామూలు సింగిల్ ఫేజ్ కేబీపీసీ 3510లు రెండు తీసుకోవచ్చు. ఒకదానికి రెండు తెల్ల వైర్లు, రెండోదానికి మూడో తెల్ల వైరు ఇచ్చి, ప్లస్‌లు రెండూ కలిపి, మైనస్‌లు రెండూ కలిపితే అదే పని చేస్తాయి. రెండు దిమ్మలు కాబట్టి వేడి కూడా కాస్త పంచుకుంటాయి. హీట్ సింక్ మాత్రం అంతే కావాలి.

బుల్లెట్ ఉన్నవాళ్లు ఇది చూసి అలాగే పెట్టెయ్యకండి. అయస్కాంతం రోటర్ ఉన్న ఆల్టర్నేటర్‌కి ఉత్త బ్రిడ్జ్ పెడితే, వేగం పెరిగే కొద్దీ ఛార్జింగ్ కూడా పెరిగిపోయి బ్యాటరీ ఉడుకుతుంది. దానికి వేరే రెగ్యులేటర్ కూడా కావాలి. పాత జావాలో డైనమో ఉన్నవాళ్లకి అసలు ఈ వస్తువే అక్కర్లేదు. డైనమోలో ఏసీని డీసీ చేసే పని కమ్యుటేటర్, బ్రష్‌లే చేసేస్తాయి. అక్కడ ఛార్జింగ్ రాకపోతే ముందు బ్రష్‌లు, తర్వాత కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్) చూడండి.